పొట్టులో పసుపు

మా సార్ పోయారన్న ఫోను వచ్చేసరికి నా రెండు చేతులూ పసుపులో ఉన్నాయి.

ఆరోజు శుక్రవారం. కళ్యాణదుర్గంలో మా అత్తగారింటివాళ్లది శనక్కాయల మిల్లు. కాయలు మిషన్లో పోస్తే పప్పు ఒక పక్కకు, పొట్టు ఒక పక్కకు పడతాయి. ప్రతి శుక్రవారం పొద్దున ఆ మిషనుకు పూజ ఉంటుంది. కాయలు పోసే నోటికీ, లోపలి జల్లెడకూ తడి పసుపు పట్టించి కుంకుమ బొట్లు పెట్టాలి. మా అత్తకు మోకాళ్ల నొప్పులు వచ్చినప్పటి నుంచి ఆ పని నాదే. ఫోను మోగితే మోచేత్తో నొక్కి, వంగి చెవి ఆనించాను. సార్ వాళ్ల పక్కింటామె. "మీ సారు పాయెనమ్మా. పొద్దున్నే ఆకువక్క నములుకుంటా కుర్చీలో కూర్చున్నోడు కూర్చున్నట్టే పాయె" అంది.

మీ దగ్గర దాచడం దేనికి? నా మనసులోకి మొదట వచ్చింది "అయ్యో" కాదు. "సంతకం పెట్టారో లేదో" అని వచ్చింది. ఛీ, నేనూ ఒక మనిషినేనా అనుకున్నాను. అనుకున్నాను గానీ చేతులు కొంగుకు తుడుచుకుని అనంతపురం బస్సెక్కి కూర్చున్నాక కూడా అదే ఆలోచన. ఆయన నా పీహెచ్‌డీ పరిశోధనకు గైడ్, ఆయన సంతకం లేనిదే యూనివర్సిటీ పుస్తకం తీసుకోదు. శనక్కాయ పొట్టులో పనికొచ్చే పదార్థాలు ఏమున్నాయో వెలికితీసి, వాటికి పేరు పెట్టడం నా పని. ఆరేళ్లు పట్టిన ఆ పని రెండు వారాల కిందట పుస్తకంగా ఆయన చేతికి వెళ్లింది. "శుక్రవారం రా పాపా, సంతకం పెడ్తా" అన్నారు. అదే శుక్రవారం ఇది.

నాకు ముప్పై నాలుగేళ్లు. ఆయనకు మాత్రం చివరిదాకా పాపనే.

డిగ్రీలో మాకు కెమిస్ట్రీ చెప్పింది ఆయనే. సొంతూరు గోరంట్ల వైపు. ఉద్యోగం అనంతపురంలో, అద్దె ఇల్లు ఆ పక్కనే బుక్కరాయసముద్రంలో. చొక్కా జేబులో ఎప్పుడూ సున్నపు డబ్బీ ఉండేది. ఆకుకు సున్నం రాశాక వేలి కొసన మిగిలినదాన్ని ల్యాబు గుమ్మానికి తుడిచేవారు. ఇరవై ఏళ్లపాటు అలా తుడవగా ఆ గుమ్మం ఒక పక్క తెల్లగా పెచ్చుకట్టి ఉండేది. అటెండరు గొణిగేవాడు. "సున్నం కొట్టించమని ఎన్నిసార్లు రాసినా ఎవరూ రాలేదప్పా, నేనే కొంచెం కొంచెం కొట్టుకుంటాండా" అనేవారు సార్.

ఇంకో జేబులో శనక్కాయ పొట్టు. బస్టాండులో ఉడికించిన కాయలు కొనుక్కుని పప్పు తిని పొట్టు జేబులో వేసుకునేవారు. పక్కవాళ్లు పారేసింది కూడా వంగి ఏరుకునేవారు. ఒకసారి నా కళ్లముందే ఒక పెద్దాయన జాలిపడి, తన పొట్లంలోని కాయలు నాలుగు ఆయన చేతిలో పెట్టాడు. సార్ "దేవుడు సల్లగా చూడల్ల" అని దీవించి మరీ తీసుకున్నారు. ఇంటికి పోతే చొక్కా ఉతికేటప్పుడు అమ్మగారు తిట్టేవారు. అమ్మగారంటే సార్ భార్య.

ఆ పిచ్చి ఎందుకంటే, మా జిల్లాలో వాన మొహం చాటేసిన యేడు చేను చేనంతా తాలుకాయలే. కాయ చూస్తే కాయే, పగలగొడితే లోపల పప్పుండదు. "ఈ యేడు పొట్టే పంట" అంటాడు మా మామ. ఆ పొట్టంతా ఇటుక బట్టీల్లో కాలి బూడిదవుతుంది. ఆ పొట్టులో ల్యూటియోలిన్ అని ఒక పసుపుపచ్చ పదార్థం ఉందని, నూనెను తొందరగా ముక్కిపోనివ్వని గుణం దానికి ఉందని సార్ క్లాసులో చెప్పారు. "మనకు నీళ్లకు కరువు, పప్పుకు కరువు. పొట్టుకు ఎప్పుడన్నా కరువొచ్చిందా? ఉండేదాంట్లో ఏముందో చూడల్ల గదా" అన్నారు. నేను అక్కడే పడిపోయాను.

తర్వాత ఎమ్మెస్సీ, ఆపైన పెళ్లి. మిల్లు మీది మిద్దెలో కాపురం. కింద మిషను తిరుగుతుంటే పైన పళ్లెంలో గరిటె కూడా అదురుతుంది. అది ఆగితే తప్ప మన మాట మనకు వినపడదు. దుమ్ముకు కిటికీలన్నీ మూసే ఉంటాయి. నాలుగేళ్లు అలా ఉన్నాక పరిశోధన చేస్తానని మామను అడిగాను. మా ఇంటాయన తల వంచుకుని పక్కన నిలబడ్డాడు. "మూడేండ్లు ఇస్తాండా. ఆలోపల ఐతే నీ ఉద్యోగం నీది. కాకపోతే కిందికొచ్చి మిల్లు చూసుకోవల్ల. మళ్ల సదువు మాట ఎత్తగూడదు" అన్నాడు మామ. సరేనన్నాను. నాకున్నది ఆ ఒక్క సందు. అందులోంచి దూరి బయటపడాలి.

పొట్టు మా మిల్లుదే. మా అత్తకు నా చదువంటే ఏమీ తెలియదు గానీ, కోడలు ఏదో మంచి పనికి పోతోందని మాత్రం గట్టిగా నమ్మింది. శుక్రవారం పూజ అయ్యాక ఆడే మొదటి బస్తా పొట్టు ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. "తొలి పొట్టు. అమ్మవారి కండ్లముందర పడింది. నీకు కలిసొస్తాది" అని సంచిలో పోసి, మూతి కట్టి ఇచ్చేది. శనివారం అది భుజాన వేసుకుని నేను బస్సెక్కేదాన్ని.

ల్యాబులో పని మొత్తం వంటింటి ఓపికే. పొట్టు దంచాలి, జల్లించాలి, స్పిరిట్‌లో నానబెట్టాలి, వడగట్టాలి, ఆ నీళ్లను చిక్కబెట్టాలి. చివరికి మిగిలే జిగురులో ఏమేమి ఉన్నాయో విడదీయడానికి, తెల్లటి పొడి పూసిన గాజు పలక మీద ఒక చుక్క పెట్టి, పలక అంచును ద్రావకంలో నిలబెడతాం. ద్రావకం పైకి పాకుతూ ఒక్కో పదార్థాన్ని ఒక్కో ఎత్తులో వదిలిపెడుతుంది. ఏ మచ్చ ఏ ఎత్తులో ఆగిందన్నదాన్ని బట్టి అదేమిటో గుర్తుపట్టాలి. సార్ దీనికి ఒక మాట చెప్పేవారు. "పేరు పెట్టేముందు ఊరు అడగల్ల పాపా. యాడి నుంచి వచ్చిందో తెలీనిదానికి పేరు పెట్టొద్దు." ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. వినడం వేరు, చెవికెక్కడం వేరు.

మూడో యేడు సార్ ఊపిరితిత్తులు మొరాయించాయి. పొట్టు దుమ్ము ఎన్నాళ్లు పీల్చారో మరి. ఐదు నెలలు సెలవు. నేను ఒక్కదాన్నే ఆ ల్యాబులో. ఉన్న ఒక్క కిటికీ తెరిస్తే జానెడు దూరంలో పక్క బ్లాకు గోడ. పోల్చి చూసుకోవడానికి తెప్పించాల్సిన అసలు ల్యూటియోలిన్ నమూనా ఇంకా రాలేదు. కానీ నా పలక మీద మచ్చలు వచ్చాయి. ఒకటి కాదు, మూడు! మెట్లలాగా ఒకదాని కింద ఒకటి, పసుపుపచ్చగా, యూవీ దీపం కింద పెడితే మెరిసిపోతూ. వాటి కిందెక్కడో మసగ్గా ఇంకోటి ఉంది, దాన్ని పట్టించుకోలేదు. మూడు పదార్థాలు దొరికాయని ఎగిరి గంతేశాను. పుస్తకం రాసేశాను. మామ ఇచ్చిన గడువుకు ఇంకా నెల ఉంది. సార్ వచ్చి సంతకం పెట్టడమే తరువాయి.

ఆయన వచ్చారు. సగమైపోయారు మనిషి. పలక చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశారు.

"మూడా?"

"మూడు సార్!" అన్నాను, నేనే కన్నట్టు.

"ఎక్కువ దొరికినప్పుడే భయపడల్ల పాపా. ఈ పొట్టు యాడ తెచ్చినావు?"

"మా మిల్లులోదే సార్."

"ఏ పొద్దు?"

"శుక్రవారం. మా అత్త తొలి బస్తా నాకే తీసిపెడ్తాది."

"శుక్రవారం మీ మిల్లులో ఏం చేస్తారు?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. పలక మీది పసుపుపచ్చ రంగు కంటపడింది. సార్ జేబులోంచి డబ్బీ తీసి, వేలికొసకు సున్నం తీసుకుని, రెండు నీటి చుక్కలతో మెదిపి, మొదటి మచ్చకు అంటించారు. మచ్చ ఎర్రబడింది. రెండోదీ ఎర్రబడింది. మూడోదీ.

"ఏమిది?" అన్నారు.

"దిష్టి నీళ్లు సార్" అన్నాను.

పసుపులో సున్నం కలిపితే ఎర్రనౌతుందని మన ఆడవాళ్లకు ఒకరు చెప్పాలా? నా కొడుక్కే ఎన్నిసార్లు కలిపి తీశానో. మూడేళ్లపాటు నేను వెలికితీసింది పొట్టులోది కాదు, మా అత్త చేతి పసుపు. దాని పేరు తెలియక గొప్ప పేర్లు పెట్టి పుస్తకం రాశాను. సార్ మాత్రం నవ్వలేదు. కింద మసగ్గా ఉన్న నాలుగో మచ్చకు కూడా సున్నం తాకించారు. అది ఎర్రబడలేదు, ఇంకాస్త పచ్చబడింది అంతే. "ఈ మూల కూర్చున్నదాన్ని ఎవరన్నా పలకరించినారా?" అన్నారు.

నాకు ఆ మచ్చ అక్కర్లేదు. నాకు గడువు కావాలి. "సార్, ఈసారికి సంతకం పెట్టండి. తర్వాత మళ్లా సరిగ్గా చేస్తాను. ఎవరికి తెలుస్తాది?" అన్నాను.

"మనిద్దరికి తెలుసు గదా."

"మీకేం సార్! మీకు ఉద్యోగముంది. నాకు ఇది మూసుకుంటే ఇంకో దారి లేదు. జన్మంతా ఆ మిల్లులో పడుండాల" అని అరిచాను. గురువు మీద అరిచాను, అవును. ఆయన కిటికీ వైపు చేయి చూపించారు. "నాకుండేది అదే పాపా. చూడు, ఎదురుగా గోడ. నేనూ యాడికీ పోలేదు" అన్నారు. వేలు గుమ్మానికి తుడుచుకుని వెళ్లిపోయారు. ఆ రోజు ఆయన్ని నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ ఇంటికి వచ్చాను.

గడువు దాటింది. నేను కిందికి దిగాను. పొద్దున తూకం దగ్గర, మధ్యాహ్నం పప్పు ఏరే ఆడవాళ్ల దగ్గర, సాయంత్రం గోతాల దగ్గర. మామ ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు, అదింకా కష్టంగా ఉండేది. సార్ ఫోను చేస్తే ఎత్తేదాన్ని కాదు.

రెండు నెలలకు, మండుటెండలో, ముక్కుకు టవలు చుట్టుకుని ఆయనే మిల్లుకు వచ్చారు. దుమ్ముకు దగ్గు ఆగడం లేదు. మామ మిషను ఆపించి కుర్చీ వేయించాడు. "ఏం సార్, పొట్టులో బంగారమేమన్నా దొరికిందా?" అన్నాడు.

"తప్పు నాదప్పా" అన్నారు సార్. "పొట్టు యాడిదని అడగకుండా మూడేండ్లు చేయించినా. పాపదేం లేదు. ఇంకొక్క ఏడాది ఇయ్యి."

"ఏం తప్పు సార్ అది?"

మజ్జిగ గ్లాసుతో మా అత్త అక్కడే నిలబడి ఉంది. సార్ చూపు ఒక్క క్షణం మిషను నోటి మీద, ఎండి పెళుసెక్కిన పసుపు మీద ఆగి పక్కకు తప్పుకుంది. అంతే. కానీ మా అత్త పిచ్చిది కాదు. "సారూ, మా పసుపేమన్నా పాడు చేసిందా?" అంది.

"పసుపు యాడన్నా పాడు చేస్తాదా తల్లీ? చూసుకోవాల్సింది మేము" అని మజ్జిగ గటగటా తాగేశారు.

మామ ఏడాది ఇచ్చాడు. అయితే నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాతి శుక్రవారం. మా అత్త మిషనును తడిగుడ్డతో నాలుగుసార్లు తుడిచింది. పసుపు గిన్నె పక్కన పెట్టి, "ముందు నీ బస్తా ఆడించుకో. అమ్మవారు ఒక్క బస్తా సేపు ఆగుతాదిలే" అంది. ఆ ఇంట్లో ముప్పై ఏళ్లుగా మారని వరస అది. మా ఇంటాయన నోరు తెరిచాడు. అత్త చూసిన చూపుకు మళ్లీ మూశాడు.

మిషనును నమ్మకుండా సార్ గోరంట్ల చేలోంచి కూడా కాయలు తెప్పించారు. బుక్కరాయసముద్రంలో ఆయన ఇంటి వసారాలో చాప వేసుకుని సార్, అమ్మగారు, నేను చేత్తో వలిచేవాళ్లం. పప్పు అమ్మగారికి, పొట్టు మాకు. "ఇన్నేండ్లకు సంసారంలో నాకు మంచి వాటా దొరికె" అనేవారు అమ్మగారు. ఏడాది అన్నది రెండున్నరేళ్లయింది, మామ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. చివరికి అసలు నమూనా వచ్చింది. రెంటినీ ఒకే పలక మీద పక్కపక్కన ఎక్కించాం. మూల కూర్చున్న ఆ మసక మచ్చ, దాని పక్కనే సరిగ్గా అదే ఎత్తులో నమూనా. సార్ నన్ను మెచ్చుకోలేదు. "ఇప్పుడు పేరు పెట్టుకో" అన్నారు, గుమ్మం దాకా పోయి వేలు తుడుచుకుంటూ. దగ్గు వచ్చినట్టు మొహం అటే పెట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. అది దగ్గు కాదని నాకు తెలుసు.

పుస్తకం విషయంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. చివరి పేజీ చదవకుండా మొదటి పేజీలో సంతకం పెట్టరు. ఎంత తొందరన్నా అంతే.

నేను వెళ్లేసరికి సార్‌ను వసారాలో, మేము కాయలు వలిచిన చోటే పడుకోబెట్టారు. కాళ్లకు దండం పెట్టాను. ఏడుపు వచ్చింది. వచ్చినందుకు బస్సులో పోయిన నా పరువు కాస్త నాకు తిరిగి వచ్చినట్టనిపించింది. అమ్మగారు నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు.

"నీ పుస్తకం బల్ల మీద ఉండాది తల్లీ. పోయేటప్పుడు గూడా ఒళ్లోనే ఉండె. నేనే తీసి పెట్టినా."

మొదటి పేజీ తీశాను. ఆయన పేరు అచ్చులో ఉంది. దాని పైన ఖాళీ.

నా మొహం చూసి అమ్మగారికి అర్థమైంది. గొంతు తగ్గించి, "ఆయన సంతకం నాకొస్తాది. ఇంటి కాగితాలకన్నిటికీ నేనే పెడ్తాంటి. ఆయన పెన్ను గూడా ఈడే ఉండాది. నువ్వు ఆ మిల్లులో యాడ పడుంటావు? పెట్టమంటావా? ఎవరికి తెలుస్తాది తల్లీ" అన్నారు.

భర్త బయట పడుకుని ఉండగా ఆ తల్లి నా గురించి ఆలోచించింది. నేను వద్దనలేదు. వెంటనే వద్దనలేదు, అది కూడా మీకు చెప్పాలి. కొత్త గైడు దొరకాలంటే ఎన్ని నెలలో తెలియదు. ఎన్నాళ్లు ఆగుతాడో మామ? ఆయన పెన్ను నా ముందే ఉంది. ఏం చేయాలో తెలియక పేజీలు తిప్పడం మొదలుపెట్టాను.

ప్రతి పేజీ కింది మూలన సన్నగా తెల్లటి మరక. ఆకు నములుతూ, సున్నపు వేలితో తిప్పుకుంటూ చదివారు. నా చేతులకు పసుపు ఇంకా వదల్లేదు, చెమటకు తడిగానే ఉంది. నేను తిప్పిన ప్రతిచోటా ఆ తెల్లటి మరక నా బొటనవేలి కింద ఎర్రబడుతూ వచ్చింది. ఇది చదివారు. ఇదీ చదివారు. పసుపు గురించి ఆయన పట్టుబట్టి నాచేత రాయించిన అధ్యాయం, మూడు మచ్చల కథ, అదీ చదివారు. ఒక్కో పేజీ తిప్పుతుంటే సార్ పక్కన కూర్చుని "ఊఁ" కొడుతున్నట్టే ఉంది. నూట అరవై ఏడో పేజీ దాకా ఎర్రగా వచ్చింది.

"వద్దమ్మా" అన్నాను. "ఇంకా పదకొండు పేజీలుండాయి."

తర్వాతి పేజీ తిప్పాను. దాని మూలన నా వేలిముద్ర పచ్చగానే పడింది.